శిఖరాగ్రాన నిస్తంత్రి

వైర్‌లెస్ అన్న ఇంగ్లీషు మాటను ఉర్దూలో 'లాసిల్కీ' అన్నారు, తెలుగులో 'నిస్తంత్రి' అన్నారు. మూడు భాషలూ ఒకే దారిన ఆలోచించి 'తీగ లేనిది' అన్న అర్థాన్నే మాటగా కట్టుకున్నాయి. తీగ లేదు సరే, దాని స్థానంలో ఉన్నదేమిటి? విద్యుదయస్కాంత తరంగమని పరీక్షలో జవాబు వ్రాసి మార్కులు తెచ్చుకుంటాము. ఆ జవాబును వీపున మోసుకొని కొండ ఎక్కేవారు కొందరున్నారు. వారి విద్యను గురించి మా పాఠకులకు కొంత తెలియజేయాలని ఈ వ్యాసం తలపెట్టాము.

ముందుగా అమెచ్యూర్ రేడియో అనగా ఏమిటో చెప్పవలసి ఉన్నది. వాడుకలో దీనినే హ్యామ్ రేడియో అంటారు. వ్యాపారం కొరకు గాక, కేవలం అభ్యాసం కొరకూ ప్రయోగం కొరకూ సొంత ట్రాన్స్‌మిటర్ నడుపుకొనేందుకు ప్రభుత్వాలు పరీక్ష పెట్టి లైసెన్సు ఇస్తాయి. ఉత్తీర్ణుడైన ప్రతి వ్యక్తికీ ప్రపంచంలో మరెవరికీ లేని ఒక పిలుపు సంకేతం లభిస్తుంది. గాలిలో అతని పేరు అదే. కొన్ని నిర్ణీత పౌనఃపున్యాల మీద, ముఖాముఖి ఎన్నడూ చూడని మరొక లైసెన్సుదారుతో అతడు మాట్లాడవచ్చు. మాటతోనే కాదు, మోర్సు చుక్కలు గీతలతోనూ సంభాషించవచ్చు. ఇంటిలో పెద్ద ట్రాన్స్‌మిటరూ డాబా మీద ఎత్తైన ఏరియలూ పెట్టుకొని చేసే పని ఇది అని చాలామంది అభిప్రాయం.

ఆ అభిప్రాయాన్ని తలక్రిందులు చేసిన ఒక పథకం 2002 మార్చి 2వ తేదీన బ్రిటన్‌లో ఆరంభమైనది. దాని పేరు 'సమ్మిట్స్ ఆన్ ది ఎయిర్'. పొడి అక్షరాలలో 'సోటా' అంటారు. జాన్ లిన్‌ఫోర్డ్ అనే హ్యామ్ ఆలోచనలో అది పుట్టినది. ఇందులో పాల్గొనేవారు రెండు తెగలు. చిన్న ట్రాన్స్‌మిటర్‌ను మోసుకొని కొండ ఎక్కి, శిఖరం మీద నుండి పలికేవారిని యాక్టివేటర్లు అంటారు. ఇంటిలో కూర్చొని ఆ పలుకును వెతికి పట్టి బదులు చెప్పేవారిని ఛేజర్లు అంటారు. కొండ ఎత్తును బట్టి ఒకటి మొదలు పది వరకు పాయింట్లు. ఎక్కినవానికీ వస్తాయి, పట్టుకున్నవానికీ వస్తాయి. కాలక్రమాన ఈ పథకం ఐరోపా, అమెరికా, ఆస్ట్రేలియా ఖండాలకు ప్రాకినది. అయితే దాని కట్టుబాట్లు పుట్టింది బ్రిటన్ కొండల మీద కనుక, మేము అక్కడి కొండలనే ఉదాహరణగా తీసుకుంటాము.

కొండ ఎందుకు ఎక్కాలి? భూమి గుండ్రంగా ఉన్నందువలన. 145 మెగాహెర్ట్జ్ ప్రాంతంలోని తరంగాలు దాదాపు కంటిచూపు వలెనే తిన్నగా పోతాయి. వాతావరణం వాటిని కొద్దిగా క్రిందికి వంచుతుంది గనుక కంటికి కనబడే దిగంతం కంటె రేడియో దిగంతం కొంచెం దూరం. లెక్క సులభం. ఏరియల్ ఎత్తును మీటర్లలో తీసుకొని, దాని వర్గమూలాన్ని 4.12 చేత గుణిస్తే దిగంతం ఎన్ని కిలోమీటర్లో వస్తుంది. ఇంటి మీద 10 మీటర్ల ఎత్తున పెట్టిన ఏరియల్‌కు దిగంతం 13 కిలోమీటర్లు. ఇంగ్లండులో అన్నింటికంటె ఎత్తైన కొండ స్కాఫెల్ పైక్. దాని ఎత్తు 978 మీటర్లు. మన నల్లమలలోని శిఖరాలకు అది మించినది కాదేమో గాని, లెక్క కట్టి చూడండి: 129 కిలోమీటర్లు! వేల్సులోని స్నోడన్ 1085 మీటర్లు. దాని దిగంతం 136 కిలోమీటర్లు. ఈ రెండు శిఖరాల మధ్య దూరం సుమారు 165 కిలోమీటర్లు కాగా, రెండు దిగంతాల మొత్తం 265. కనుక అరచేతిలో పట్టే పరికరంతో ఈ కొండ నుండి ఆ కొండకు మాట వెళ్ళే వీలున్నది. కొండ అడుగున లోయలో వంద వాట్ల ట్రాన్స్‌మిటర్ పెట్టుకొన్నవాని మాట ఎదుటి గట్టును దాటక అక్కడే ఆగిపోతుంది. ఇక్కడ విద్యార్థులు గమనించవలసిన సూక్ష్మం ఒకటి ఉన్నది. వర్గమూలం కారణాన, దిగంతాన్ని రెట్టింపు చేయాలంటే ఎత్తు నాలుగింతలు కావాలి. అందుచేత మొదటి రెండు వందల మీటర్లు ఇచ్చే లాభం, చివరి రెండు వందల మీటర్లు ఇవ్వవు. కాని కాళ్ళు అలిసిపోయేది మాత్రం ఆ చివరి రెండు వందల మీటర్లలోనే.

కొండకూ నిస్తంత్రికీ చెలిమి కొత్తది కాదు. 1901 డిసెంబరు 12న మార్కోనీ అట్లాంటిక్ ఆవలి నుండి వచ్చిన మోర్సు అక్షరాన్ని విన్నట్టు ప్రకటించినది న్యూఫౌండ్‌లాండ్‌లోని సిగ్నల్ హిల్ అనే కొండ మీదనే. గాలిపటానికి తీగ కట్టి ఎగురవేసి దానినే ఏరియల్‌గా వాడుకున్నాడు. తిన్నగా పోయే తరంగం భూమి వంపును దాటి సముద్రం ఎట్లా దాటినదన్నది అప్పటికి చిక్కుప్రశ్న. పై వాతావరణంలో విద్యుత్తు ఆవేశించిన పొరలు దర్పణం వలె పని చేస్తాయని తరువాత తేలింది. ఆపిల్టన్ ఆ పొరల మీద చేసిన పరిశోధనకే 1947లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈనాటి యాక్టివేటర్ 7, 10, 14 మెగాహెర్ట్జ్ ప్రాంతాలలో పలికినప్పుడు ఆ దర్పణాన్నే నమ్ముకుంటాడు. అప్పుడు నూరు కిలోమీటర్ల దూరంలోని పొరుగువానికి వినబడని గొంతు పదిహేను వందల కిలోమీటర్ల దూరాన స్పష్టంగా వినబడవచ్చు. ఆ తరంగాలకు కొండ ఎత్తు అంత ముఖ్యం కాదు. మరి అక్కడ కొండ చేసే ఉపకారమేమి? నిశ్శబ్దం. పట్టణంలో ప్రతి ఛార్జరూ, ప్రతి దీపమూ, ప్రతి టెలివిజనూ రేడియోలో చిటపటల రొద పుట్టిస్తుంది. శిఖరం మీద ఆ రొద లేదు. బలహీనమైన గొంతు కూడా చెవికి ఆనుతుంది. అన్ని కొండలకూ ఈ గుణం ఉన్నదని అనుకోరాదు. లాంకషైరులోని వింటర్ హిల్ వంటి శిఖరాల మీద టెలివిజన్ ప్రసార స్తంభాలు ఉన్నవి. వాటి ప్రక్కన నిలిస్తే చేతి సెట్టుకు చెవుడు వచ్చినట్టే.

ఏది కొండ, ఏది కాదు? ఈ ప్రశ్న వినడానికి పిల్లల ప్రశ్న వలె ఉన్నా, బ్రిటిషువారు దీని మీద శతాబ్దానికి పైగా వాదించుకున్నారు. 1891లో సర్ హ్యూ మన్రో స్కాట్లండులో మూడు వేల అడుగులు మించిన శిఖరాల జాబితా ప్రకటించాడు. నేటికీ వాటిని మన్రోలనే పిలుస్తారు. ప్రస్తుతం వాటి సంఖ్య 282. అయితే ఎత్తు ఒక్కటే కొలత అయితే, పెద్ద కొండ భుజం మీది చిన్న బొడిపె కూడా శిఖరమై కూర్చుంటుంది. అందుకని 1992లో అలన్ డాసన్ మరొక కొలత పెట్టాడు. చుట్టూ నీరు నిండుతూ వచ్చి ఆ శిఖరం ఒక దీవిగా విడిపోయిన క్షణాన, నీటి మట్టానికి పైన ఎంత మిగిలి ఉన్నదో అది దాని స్వతంత్రమైన ఎత్తు. ఆ మిగిలినది 150 మీటర్లకు తక్కువ కాకుంటే అది కొండ. మన్రోకు జోడుగా వీటికి మెర్లిన్ మన్రోను తలపించేటట్లు 'మెర్లిన్‌లు' అని పేరు పెట్టారు. పండితులకు కూడా హాస్యం ఉండవచ్చునని మేము ఆక్షేపించము. బ్రిటన్‌లో సోటా వారు ఈ జాబితానే ఆధారం చేసుకున్నారు. అందువలన వెయ్యి మీటర్ల పర్వతంతో పాటు, ఊరి చివర ఒంటరిగా నిలిచిన రెండు మూడు వందల మీటర్ల గుట్టకు కూడా గౌరవం దక్కింది.

ఈ పథకపు నియమాలు పైకి చూస్తే ఆటకు పెట్టిన నియమాల వలె ఉంటాయి. మా దృష్టిలో వాటన్నిటి వెనుక ఉన్న సూత్రం ఒక్కటే. ఎత్తు శక్తికి బదులుగా పని చేస్తుంది. ఆ ఎత్తుకు వెల శ్రమ. ఆ వెల చెల్లించకుండా సరకు ఇంటికి పోరాదు. శిఖరానికి క్రింద 25 మీటర్ల లోపు ఎత్తులోనే కూర్చొని పలకాలి. వాహనంలో కూర్చొని గాని, వాహనం ప్రక్కన గాని పలికితే చెల్లదు. పరికరాలనూ బ్యాటరీనీ మోసుకొనే పోవాలి. పెట్రోలు జనరేటరు పనికిరాదు. నేల మీది రిపీటరు కేంద్రాల ద్వారా పంపిన మాట లెక్కకు రాదు, ఏలయన అప్పుడు పని చేసినది మన ఎత్తు కాదు, ఇంకొకరి ఎత్తు. స్నోడన్ ఇందుకు మంచి ఉదాహరణ. 1896 నుండి ఆ కొండ మీదికి పండ్ల చక్రాల రైలు ఉన్నది. చివరి స్టేషను శిఖరానికి సుమారు 20 మీటర్ల దిగువన, అనగా సరిగ్గా ఆ 25 మీటర్ల పరిధిలోనే ఉన్నది. టిక్కెట్టు కొని రైలు దిగి అక్కడే సెట్టు తెరిచినవాని మాట ఎంత దూరం వినబడినా పాయింట్లు లేవు. తరంగానికి ఆ తేడా తెలియదు. నియమానికి తెలుసు.

ఒక్కొక్క శిఖరానికి సంవత్సరంలో ఒక్కమారే యాక్టివేటర్‌కు పాయింట్లు వస్తాయి. వెయ్యి పాయింట్లు పూర్తి చేసినవానిని 'మౌంటెన్ గోట్' అంటారు, అనగా కొండమేక. పది పాయింట్ల శిఖరాలే ఏరి ఎక్కినా ఎన్నో మార్లు ఎక్కాలి. ఇంటి నుండి వెయ్యి పాయింట్లు కూడబెట్టిన ఛేజర్‌కు 'షాక్ స్లాత్' అని బిరుదు. గదిలో కదలకుండా వ్రేలాడే సోమరి జంతువు పేరు అది. ఆ బిరుదును వారు గర్వంగానే ధరిస్తారు.

ఇక ప్రయాణం. 1892లో స్కాట్లండువాడైన నెయిస్మిత్ చెప్పిన లెక్క నేటికీ చెల్లుతున్నది. ప్రతి ఐదు కిలోమీటర్లకు ఒక గంట, దానికి తోడు ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు మరొక గంట. నాలుగున్నర కిలోమీటర్లు నడిచి 900 మీటర్లు ఎక్కవలసి ఉంటే సుమారు రెండున్నర గంటలు. ఇది ఆగకుండా నడిచేవాని లెక్క. వీపున బరువుంటే ఇంకా ఎక్కువ. అందుచేత సంచిలో ఏమి పెట్టాలన్నది పెద్ద ఆలోచన. పూర్వం ఏడు ఆంపియర్-అవర్ల సీసపు బ్యాటరీ రెండున్నర కిలోలు తూగేది. అంతటి లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ ఈనాడు కిలోకు తక్కువే. ఐదు వాట్ల ట్రాన్స్‌మిటర్ ఒక పుస్తకమంత. ఏరియల్‌కు తీగ చాలు. దాని పొడవు లెక్క ఇంటర్మీడియెట్ విద్యార్థి కట్టగలడు. 300ను మెగాహెర్ట్జ్ సంఖ్య చేత భాగిస్తే తరంగదైర్ఘ్యం మీటర్లలో వస్తుంది. 14.2 మెగాహెర్ట్జ్‌కు 21 మీటర్లు. సగం పదిన్నర. తీగ చివరల ప్రభావానికి నూటికి ఐదు వంతులు తగ్గిస్తే పది మీటర్లు. అనగా నడిమి నుండి చెరొక ప్రక్కకు ఐదు మీటర్ల తీగ. చేపల గాలపు కర్ర వంటి, ఒకదానిలో ఒకటి ఇమిడే ఆరు మీటర్ల కర్ర నిలిపి, నడుమను దాని కొనకు కట్టి, రెండు చివరలను తలక్రిందైన 'వి' అక్షరం వలె నేలవైపు లాగి కడితే ఏరియల్ సిద్ధం. మేకులకు కట్టే త్రాళ్ళకు రంగు గుడ్డలు కట్టడం మరువరాదు. శిఖరం ఆపరేటరు ఒక్కడిదీ కాదు. స్కాఫెల్ పైక్ మీది రాతి తిన్నె మొదటి ప్రపంచ యుద్ధంలో మరణించినవారి స్మారకం. దానికి తీగలు కట్టి ఇతరులను దూరంగా నిలిపేవాడు ఎన్ని పాయింట్లు సంపాదించినా మేము మెచ్చము.

కొండ మీద నుండి ఐదు వాట్లతో పలికితే ఎవరు వింటారు? ఇక్కడ మళ్ళీ లెక్క సహాయపడుతుంది. వంద వాట్లకూ ఐదు వాట్లకూ ఇరవై రెట్ల తేడా. డెసిబెల్స్‌లో అది 13. రేడియో మీద సంకేత బలాన్ని చూపే ముల్లు ఆరు డెసిబెల్స్‌కు ఒక గీత చొప్పున కదులుతుంది. కనుక ఇరవై రెట్ల శక్తి తగ్గితే ముల్లు దిగేది రెండు గీతలకు కొంచెం ఎక్కువ మాత్రమే. మోర్సు వాడితే ఇంకా మేలు. మాటకు రెండున్నర కిలోహెర్ట్జ్ వెడల్పు కావలసిన చోట, మోర్సుకు రెండు వందల హెర్ట్జ్ లోపే సరిపోతుంది. వినేవాడు తన వడపోతను అంత సన్నం చేసుకుంటే రొదలో చాలా భాగం బయటనే నిలిచిపోతుంది. అనేక దేశాలు 2003 తరువాత లైసెన్సుకు మోర్సు పరీక్షను తీసివేశాయి. అయినా కొండ ఎక్కేవారిలో మోర్సు నేర్చుకొనేవారు నేటికీ ఉన్నారు. బరువు మోసేవానికి లెక్కలు బాగా వస్తాయి!

ఒక్కొక్క సంభాషణ అర నిమిషంలో ముగియవచ్చు. యాక్టివేటర్ తన సంకేతం చెబుతాడు. ఇంగ్లండులో 'జి'తో మొదలైన సంకేతం వేల్సు కొండ మీద 'జి డబ్ల్యు'గా, స్కాట్లండు కొండ మీద 'జి ఎమ్'గా మారవచ్చు. చివర 'స్ట్రోక్ పి' చేరిస్తే ఇల్లు విడిచి వచ్చాడని అర్థం. శిఖరానికి కూడా సంకేతం ఉన్నది. స్కాఫెల్ పైక్ 'జి ఎల్‌డి 001'. ఇరువురూ ఒకరి సంకేతం ఒకరు తప్పు లేకుండా అందుకొని, వినికిడి ఎట్లా ఉన్నదో అంకెలలో చెప్పుకొని, పుస్తకంలో కాలంతో సహా వ్రాసుకుంటారు. అవతలివాడు నిజంగా శిఖరం మీద ఉన్నాడా అని ఛేజర్ చూడలేడు. సగం కొండ ఎక్కి ఆగినవాడు శిఖరం పేరు చెప్పినా గాలి దానిని పట్టి ఇవ్వదు. ఇంత విస్తారమైన లెక్క అంతా ఎవరికి వారు వ్రాసిన చిట్టాల మీద, మాట మీద నిలిచి ఉన్నది.

ఒక్క సంభాషణతోనే శిఖరం పలికినట్టు నమోదు అవుతుంది. కాని పాయింట్లు రావాలంటే నాలుగు వేర్వేరు స్టేషన్లతో మాట్లాడాలి. ఈ నాలుగవది ఉన్నదే, దాని దగ్గరనే అసలు పరీక్ష. మూడు అయినవి. మేఘం క్రమ్ముకొస్తున్నది. పది నిమిషాలుగా పిలుస్తున్నా బదులు లేదు. దిగిపోతే ఇంత శ్రమకూ సున్న. ఆగితే? నడిచేవానికీ కొండ మీద కూర్చొని పలికేవానికీ ఉన్న తేడాను ఇక్కడ గుర్తించాలి. నడిచేవానికి నడకే వెచ్చదనం. ఆపరేటరు చెమటతో తడిసిన చొక్కాతో శిఖరం చేరి, గాలిలో గంటసేపు కదలకుండా కూర్చుంటాడు. ప్రతి వెయ్యి మీటర్లకూ ఉష్ణోగ్రత సగటున ఆరున్నర డిగ్రీలు పడిపోతుంది. తడిబట్ట మీద వీచే గాలి మరింత వేడిని లాగుతుంది. వణుకు మొదలవుతుంది. తరువాత వ్రేళ్ళు మోర్సు కీ మీద తడబడతాయి. వ్రాత వంకర పోతుంది, మాట ముద్ద కడుతుంది. శరీరం చల్లబడుతున్నదనడానికి ఇవే చిహ్నాలు. వాటిని ఛేజర్ గుర్తించే అవకాశం ఉన్నది గాని, యాక్టివేటర్ తనంతట గుర్తించడం కష్టం, ఎందుకనగా చల్లబడేది బుద్ధి కూడా. అందుచేత అనుభవజ్ఞులు కర్ర నిలపడానికి ముందే పొడి చొక్కా మార్చుకొని, తెచ్చిన ఉన్ని బట్టలన్నీ వేసుకుంటారు. దిగవలసిన గడియను క్రింద ఉండగానే నిర్ణయించుకుంటారు, పైన కాదు.

ఉరుము వినబడితే ఇక ఆలోచనకు చోటే లేదు. మెరుపుకూ ఉరుముకూ మధ్య ప్రతి మూడు సెకన్లకు ఒక కిలోమీటరు దూరం. అయితే ఆ లెక్క కట్టుకుంటూ కూర్చోవడం కాదు, వెంటనే కర్ర దించి తామూ దిగాలి. కార్బను కర్ర విద్యుత్తుకు వాహకం. దాని ప్రక్కన తీగ పట్టుకొని కూర్చున్నవాడు ఆ కొండ మీద అన్నింటికంటె ఎత్తైన వస్తువుకు తనను కట్టుకున్నట్టే. దారి తప్పినా, కాలు విరిగినా ఇంగ్లండులో 999కు ఫోను చేసి పోలీసుల ద్వారా కొండ రక్షక దళాన్ని కోరాలి. ఆ దళాలవారు జీతం లేని స్వచ్ఛంద సేవకులు. ఫోను అందని చోట ఈల ఊదాలి. నిమిషంలో ఆరుమార్లు, ఒక నిమిషం విరామం, మళ్ళీ ఆరు. రేడియో ఉన్నవాడు ఈల మరచిపోకూడదు. బ్యాటరీ అయిపోతుంది. ఊపిరి ఉన్నంతవరకు ఈల ఉంటుంది.

ఈ విద్యతో మన ప్రాంతానికి సంబంధం లేకపోలేదు. హైదరాబాదులో 1983లో స్థాపితమైన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో అనే సంస్థ ఉన్నది. 2004 డిసెంబరులో ఆ సంస్థ తరఫున భారతీ ప్రసాద్ గారు బృందంతో అండమాను దీవులకు పోయి పోర్ట్ బ్లెయిర్ నుండి ప్రపంచంలోని హ్యామ్‌లతో మాట్లాడుతుండగా, 26వ తేదీన సునామీ వచ్చింది. టెలిఫోనులు తెగిపోయిన ఆ రోజులలో వారి రేడియో దీవుల సమాచారాన్ని ప్రధాన భూమికి చేర్చింది. పోయినది కొండకు కాదు, వచ్చినది ఆపదకు కాదు. అయినా గోడలోని విద్యుత్తు లేకుండా, తీగలు తాము కట్టుకొని, బలహీనమైన సంకేతాన్ని రొదలో నుండి ఏరుకొనడం ముందే అలవాటై ఉన్నందువలన ఆ పని సాధ్యమైనది. కొండ మీది ఆదివారపు అభ్యాసం నేర్పేది కూడా అదే.

బ్రిటన్‌లో సోటా పుట్టిన 2002లోనే 'ఫౌండేషన్' అనే ప్రవేశ స్థాయి లైసెన్సు కూడా వచ్చింది. పది వాట్లకు పరిమితమైన ఆ లైసెన్సు ఇంటిలో కూర్చున్నవానికి చాలీచాలనిదిగా తోచవచ్చు. కొండ ఎక్కినవానికి అది పుష్కలం. 2024లో ఆ పరిమితిని 25 వాట్లకు పెంచారు. మన దేశంలో కేంద్ర టెలికమ్యూనికేషన్ల శాఖ పరీక్ష నిర్వహించి లైసెన్సు ఇస్తున్నది. రేడియో సిద్ధాంతమూ నిబంధనలూ పరీక్షాంశాలు. వ్యక్తులకే గాక విద్యాసంస్థలకు కూడా లైసెన్సు పొందే వీలున్నది కనుక కళాశాల కమిటీవారు ఈ విషయం పరిశీలించవలసినదిగా మేము కోరుతున్నాము. లైసెన్సు చేతికి రాక ముందు ట్రాన్స్‌మిటర్ ముట్టుకొనరాదు. కాని పది మీటర్ల తీగ కొలవడానికీ, ఆరు మీటర్ల కర్రను గాలిలో నిలబెట్టడం నేర్చుకొనడానికీ, మోర్సు అక్షరాలు వల్లె వేయడానికీ ఏ లైసెన్సూ అవసరం లేదు. సిద్ధాంత పాఠాలకు భౌతికశాస్త్ర ప్రయోగశాలలో సాయంకాలం ఒక గంట, తీగ కట్టడానికి ఆటస్థలంలో ఒక మూల దొరికితే మొదటి సంవత్సరానికి సరిపోతుంది.